రెండు చరుపులు

కండక్టరమ్మ రిటైరై నాలుగేళ్ళయింది కానీ ఆ సంగతి ఆమె గొంతుకి ఎవరూ చెప్పినట్టు లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర నిలబడి, వెనక సీట్లో కునికిపాట్లు పడేవాడికి కూడా దిగాల్సిన స్టాపు తెలిసేలా అరిచిన గొంతు అది. ఉప్పు డబ్బా ఎక్కడుందని ఆమె ఇంట్లో అడిగితే ఎదురింటావిడ తన వంటింట్లోంచి జవాబు చెబుతుంది. భర్త పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసిన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. "ఇంట్లో ఉన్నది మనిద్దరమే కదా, కాస్త మెల్లిగా చెప్పకూడదూ" అని రోజుకొక్కసారైనా అంటాడు. "మెల్లిగానే చెబుతున్నా కదండీ" అంటుంది ఆమె. పాపం, నిజంగా అలాగే అనుకుంటుంది.

రిటైరైనవాళ్ళు పొద్దున్నే నడకకి పోతారు. ఈవిడ తన పాత రూటు బస్సెక్కుతుంది. భుజాన అదే తోలుసంచి. ఉద్యోగం వదిలేరోజు సంచి అప్పగించమంటే పోయిందని చెప్పి, దాని ఖరీదు కట్టి మరీ ఇంటికి తెచ్చుకుంది. డ్రైవర్లంతా ఆమె విజిల్‌కి బస్సు నడిపినవాళ్ళే, ఎవరూ అడ్డు చెప్పరు. బస్సు కదలగానే మొదలవుతుంది.

"టికెట్ తీసుకోండి! టికెట్, టికెట్!"

"తీసుకున్నాం కదమ్మా" అంటాడు కొత్తవాడెవడో.

"అది నువ్వు పోవడానికి నాయనా. ఇది పాప వినడానికి."

ఆ టికెట్లు ఆమె ఇంట్లో కూర్చుని కత్తిరించిన రంగు కాగితాలు. ఒక్కోదాని మీద ఒకే వాక్యం ఉంటుంది. 'నాలుగేళ్ళ పాప, రెండు చెవులు' అనో, 'ఆరేళ్ళ బాబు, ఎడమ చెవి' అనో. పిల్లల పేర్లు రాయదు, ఊళ్ళో ఎవరి నోటా పడకూడదని. ఆ కాగితాలతో వచ్చిన డబ్బుకి చేయగలిగినంతలో ఆ కుటుంబం కూడా కొంత కలిపితే పిల్లకి వినికిడి మిషను వస్తుంది. రోజూ అదే బస్సులో పోయేవాళ్ళు ఇచ్చి ఊరుకోరు. వారం తిరగ్గానే "మన పాప సంగతేమైంది?" అని నిలదీస్తారు. ఆమెకి కావలసిందీ అదే.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందంటే, పదకొండేళ్ళ కిందటి మాట. పదేళ్ళ అమ్మాయొకతి కిటికీ పక్కన కూర్చుని ఉంది. కండక్టరమ్మ టికెట్ అని మూడుసార్లు అడిగింది. పలకలేదు. ఆవిడ కోపం ముక్కుమీద ఉంటుంది కదా, విజిల్ ఊది బస్సాపించి, పిల్లని దింపేసింది. మర్నాడు ఆ స్టాపులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పోట్లాటకి వచ్చాడనుకుని ఆమె కొంగు బిగించింది. ఆయన చిల్లర చేతిలో పెట్టాడు.

"నిన్నటి టికెట్‌దమ్మా. మా మనవరాలికి వినబడదు. డబ్బులు దాని గుప్పిట్లోనే ఉన్నాయి. నువ్వు అడుగుతున్నావని దానికి తెలీలేదు."

"మరి మిషను పెట్టించలేదా?"

"దాని ఖరీదు చెబితే నాకూ కాసేపు ఏమీ వినబడలేదమ్మా" అని నవ్వాడు ఆయన.

ఆ నవ్వు ఆమెని నిద్రపోనివ్వలేదు. ఆయన తిట్టి ఉంటే తానూ రెండు తిట్టి మరిచిపోయేది. మర్నాడే బస్సులో మొదటిసారి చేయి చాపింది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై ఎక్కడో ఉద్యోగం చేస్తోంది. ఆమెతో కలిపి ఇప్పటికి పదిహేడుమంది పిల్లలయ్యారు.

పదిహేడూ ఆమె ఒక్కర్తే చేసిందని కాదు. బస్టాండు వెనక సందులో గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు ఉంది. గోడ నిండా గడియారాలు, ఏ రెంటికీ పొత్తు కుదరదు. ఆయన కంటికి అద్దం బిగించుకుని, గడియారం మరలు తిప్పే సూది పనిముట్లతోనే మిషన్లు శుభ్రం చేస్తాడు, గొట్టాలు మారుస్తాడు, పిల్లల చెవులు పెరిగాక వదులైన చెవి అచ్చులు కొత్తవి చేయించి తెస్తాడు. మాట ఖర్చు పెట్టడంలో పిసినారి. కండక్టరమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. ఇద్దరూ కలిసి మాట్లాడిన మాటలు లెక్కేస్తే రూపాయిలో ఆయన వాటా పైసా కూడా రాదు. నెలలో రెండో ఆదివారం పెద్దాసుపత్రిలో పనిచేసే చెవుల డాక్టరమ్మ తన సెలవురోజు వదులుకుని ఆ కొట్టుకి వస్తుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు సాయం పడతారు. అంతే వాళ్ళ సైన్యం.

వాళ్ళకొక పద్ధతి ఉంది. చప్పుడు చొరబడని గదిలో పరీక్ష పెద్దాసుపత్రిలోనే అవుతుంది, అక్కడ వరస రావాలంటే ఆరు నెలలు. ఈలోగా మిషనులో సౌండు ఎంత పెట్టాలో ఎలా తెలియాలి? "ఒకేసారి ఎక్కువ పెడితే పసిపిల్లలు బెదిరిపోయి పీకేస్తారు. తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోదాం. పిల్ల ఎలా వింటోందో మీరు రాసిచ్చే కాగితాలు చూసి ఎంత పెంచాలో చెబుతా" అంది డాక్టరమ్మ. ఆ కాగితాల కోసం వారానికొకసారి ఒకరు పిల్ల ఇంటికి వెళ్తారు. ఆరడుగుల వెనక నిలబడి మూడుసార్లు పిలుస్తారు. ఎన్నిసార్లు తిరిగి చూసిందో రాస్తారు. వినబడని పిల్లల కళ్ళు మహా చురుకు. గోడమీద నీడ కదిలినా తిరిగిపోతారు. అందుకని పిలిచే ముందు కిటికీ మూయాలి, లైటు ఎటుందో చూసుకోవాలి. ఈ నీడ నియమం కండక్టరమ్మ కనిపెట్టిందే. కొత్తగా చేరినవాళ్ళకి గంటసేపు పాఠం చెబుతుంది.

పద్దెనిమిదోది చిట్టి. నాలుగేళ్ళ పాప, రెండు చెవులు. తల్లి బట్టలు ఇస్త్రీ చేసే కొట్టులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి పనిచేస్తుంది. తండ్రి సరుకుల లారీ నడుపుతాడు, పది రోజులకొకసారి ఇల్లు చేరతాడు. ఆ తల్లి గొంతు ఎంత మెత్తనిదంటే కండక్టరమ్మ ఆమెతో మాట్లాడేటప్పుడు ముందుకి వంగి, చెవి దగ్గర చేయి పెట్టుకోవాల్సి వచ్చేది.

చిట్టి మిషను వచ్చిన మొదటి వారం కండక్టరమ్మే వెళ్ళింది. ఒకే గది, ఒక ఇనపమంచం, కిటికీకి పాత దుప్పటి. పాప మంచం మీద అటు తిరిగి కూర్చుని గుడ్డముక్కలు మడతపెడుతోంది, అచ్చం తల్లిలాగే, అంచుకి అంచు కలిపి. కండక్టరమ్మ దుప్పటి సరిచేసింది, నీడ చూసుకుంది, మంచం కాళ్ళవైపు నిలబడింది.

"చిట్టీ!"

పాప చటుక్కున తిరిగింది. రెండోసారీ తిరిగింది. మూడోసారి తిరిగి నవ్వింది కూడా. మూడుకి మూడు! కండక్టరమ్మకి కాళ్ళు నేలమీద నిలవలేదు. మర్నాడు బస్సంతా టాంటాం చేసింది. "మన పాప విన్నదర్రా! మొదటి వారంలోనే!" అని. ఒక పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. డ్రైవరు హారను మోగించాడు. మూడు నెలలు వరసగా ఆమే వెళ్ళింది, ఈ పిల్లని వేరేవాళ్ళకి వదలనంది. ప్రతి వారమూ మూడుకి మూడే. కాగితాలు చూసిన డాక్టరమ్మ "బాగానే వింటోంది, సౌండు పెంచాల్సిన పని లేదు" అని అలాగే ఉంచేసింది.

ఆ మధ్యలో తల్లి రెండుసార్లు భయపడుతూ అడిగింది. "పిన్నీ, నేను పిలిస్తే తిరగడం లేదు. మిషను పనిచేస్తోందంటారా?"

"నీ గొంతలా ఉంటే ఎలా తిరుగుతుందే అమ్మాయ్? ఇస్త్రీపెట్టె కూడా నీకంటే గట్టిగా బుస్సుమంటుంది. నోరు తెరిచి పిలువు. పిల్ల కోసం ఆ మాత్రం చేయలేవా?"

ప్రేమతోనే అంది. కానీ ఆ పిల్లతల్లి దాన్ని మనసులో పెట్టుకుంది. పనినుంచి రాగానే తలుపు వేసుకుని, గొంతు బొంగురుపోయేదాకా పిలిచేది. పక్కవాటావాళ్ళు గోడమీద కొట్టేవారు. పాప మాత్రం గుడ్డలు మడతపెట్టుకుంటూ ఉండేది.

నాలుగో నెల మొదట్లో ఒక సాయంత్రం తల్లి పాపని ఎత్తుకుని గడియారాల కొట్టుకి వచ్చింది. మిషన్లు రెండూ డబ్బాలో పెట్టి, డబ్బా చుట్టూ ఇస్త్రీ చేసిన చేతిరుమాలు చుట్టి తెచ్చింది. బల్లమీద పెట్టింది.

"జాబితాలో ఇంకో పాప ఉందన్నారు కదా పిన్నీ. దానికివ్వండి. దీనికి పనికిరావడం లేదు. మీరొస్తే తిరుగుతుంది, నాకు తిరగదు. నా గొంతు దానికి ఎప్పటికీ అందదేమో." గొంతు గరగరలాడుతోంది. కళ్ళు తుడుచుకోలేదు, ఏడవనూ లేదు. నిర్ణయం చేసుకుని వచ్చిన మనిషి అలాగే ఉంటుంది.

కండక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. వెంటనే కోపం కూడా వచ్చింది. "పనికిరాకపోవడమేంటి? మూడు నెలలుగా మూడుకి మూడు తిరుగుతుంటే! కూర్చోబెట్టు, ఇప్పుడే చూపిస్తా."

కొట్టులో గోడ పొడుగునా ఒక చెక్కబల్ల ఉంది. పాపకి మిషన్లు తగిలించి ఆ చివర, గోడవైపు మొహం పెట్టి కూర్చోబెట్టారు. కండక్టరమ్మ ఈ చివర నిలబడింది. నీడ చూసుకుంది.

"చిట్టీ!"

తిరిగింది. "చూశావా?" అంది కండక్టరమ్మ. తల్లి అక్కడే నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచింది. పాప తిరగలేదు. కండక్టరమ్మ మళ్ళీ పిలిచింది. తిరిగింది. తల్లి మొహం ఇంకా చిన్నబోయింది.

గడియారాలాయన అప్పటిదాకా తలెత్తలేదు. ఆయన టీ గ్లాసు అదే చెక్కబల్ల మీద, మధ్యలో ఉంది. కంటి అద్దం తీసి ఆ గ్లాసుకేసి చూశాడు.

"చెల్లెమ్మా, మళ్ళీ పిలువు."

పిలిచింది. గ్లాసులో టీ వణికింది. చిన్న చిన్న గుండ్రాలు అంచుదాకా పోయి ఆగాయి.

"ఇప్పుడు చేతులు కట్టుకుని పిలువు."

"చేతులకేం? నేను నోటితో కదా పిలుస్తుంటా!"

"కట్టుకో."

కట్టుకుంది. నిండా ఊపిరి పీల్చి పిలిచింది. సందు చివర సైకిలు మీద పోతున్నవాడు ఆగి వెనక్కి చూశాడు. పాప తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. పాప గోడమీద పగులుని వేలితో గీస్తూ ఉంది. అప్పుడు గడియారాలాయన ఏమీ మాట్లాడకుండా అరచేత్తో బల్లని రెండుసార్లు చరిచాడు. పాప తిరిగి, కండక్టరమ్మని చూసి, ఎప్పటిలాగే నవ్వింది.

బస్సు కదలాలంటే కండక్టరు రేకుమీద రెండు చరుపులు చరవాలి. రైట్ రైట్ అనాలి, చేత్తో చరవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజుకి వందలసార్లు. ఆమె నోరు తెరిస్తే చేయి దానంతటదే దగ్గరున్నదాని మీద పడుతుంది. ఇనపమంచమో, బల్లో, తలుపో. పాపకి అందింది ఆ అదురు. నీడ పడకుండా కిటికీలు మూయించిన మనిషి తన చేయి సంగతి ఎరగదు.

కండక్టరమ్మ బల్లమీద కూలబడింది. కొట్టులో గడియారాలన్నీ ఒకేసారి వినబడ్డాయి. మూడు నెలలు. ఆ పిల్ల వినాల్సిన మూడు నెలలు తన కాగితాల మూలంగా పోయాయి. అంతకంటే గుచ్చుకున్నది ఇంకొకటి ఉంది. తల్లివైపు తిరిగింది.

"నీ గొంతుని అన్నాను కదే. తప్పు నా చేతిది. నన్ను నాలుగు తిట్టు తల్లీ, ఊరుకోకు."

ఆమె తిట్టలేదు. "అయితే దానికి వినబడే దారి ఇంకా ఉందా పిన్నీ?" అని మాత్రం అడిగింది.

"ఉంది" అన్నాడు గడియారాలాయన. "సౌండు పెంచనే లేదుగా." డబ్బా చుట్టూ ఉన్న రుమాలు మడతపెట్టి ఆమెకే తిరిగి ఇచ్చాడు.

ఇంటికెళ్ళి కండక్టరమ్మ మొగుణ్ణి నిలేసింది. "నేను పిలిచేటప్పుడు చేత్తో కొడతానా?"

"కొడతావు. నన్ను భోజనానికి పిలిచినా తలుపుమీద రెండు వేస్తావు. ఉద్యోగంలో చేరిన ఏడాదినుంచీ అంతే."

"మరి ఇన్నేళ్ళూ చెప్పరేం?"

"చెప్పనిచ్చిందెప్పుడు?"

ఆ పూట ఆమె చేతులు వెనక్కి కట్టుకుని భోజనానికి పిలిచింది.

మర్నాడు బస్సెక్కడానికి మొహం చెల్లలేదు. రెండు బస్సులు వదిలేసింది. మూడోది ఎక్కింది. "మన పాప బాగుందా?" అన్నాడు చప్పట్లు కొట్టిన పెద్దాయన. తోలుసంచి గుండెకి హత్తుకుని నడిమధ్యలో నిలబడి చెప్పేసింది. పాప వినలేదని, విన్నదని తానే పొరపాటున ఊరంతా చెప్పానని, ఎవరికైనా డబ్బు వెనక్కి కావాలంటే తీసుకోవచ్చని. పెద్దాయన జేబులోంచి నలిగిన రంగు కాగితం తీశాడు. నాలుగేళ్ళ పాప, రెండు చెవులు. దాన్ని చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నేనింకా దిగలేదు కదమ్మా. ఈ టికెట్ చెల్లుతుంది. పాప విన్నాక చెప్పు, దిగుతా" అన్నాడు. కండక్టరమ్మ బస్సులో ఏడవడం ఎవరైనా చూసింది అదే మొదలు.

రెండో ఆదివారం వచ్చింది. కాగితాల కథ విని డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. "కాగితాలు చూసి ఊరుకున్నాను, నా తప్పూ ఉంది. ఒక్కసారైనా నేను పిలిచి చూడాల్సింది" అంది. పెట్టె తెరిచి, తీగలు తగిలించి, పాప మిషన్లలో సౌండు పెంచింది. తల్లి లోపలి గది గుమ్మానికున్న తెర వెనక నిలబడింది, చూడలేనంది.

కండక్టరమ్మ ఈసారి తన చేతుల్ని నమ్మలేదు. రెండూ తోలుసంచిలో దూర్చి, "అన్నయ్యా, బిగించు" అంది. ఆయన పట్టీ రెండు చుట్లు తిప్పి బకిలు పెట్టాడు. బల్లకి దూరంగా, సిమెంటు నేలమీద చెప్పులు విడిచి నిలబడింది. పాప గోడవైపు తిరిగి కూర్చుని రుమాలు మడతపెడుతోంది.

"చిట్టీ!"

పాప ఎగిరిపడింది. రుమాలు జారిపోయింది. బెదిరిన మొహంతో గోడ చూసింది, గడియారాలు చూసింది, చివరికి తెరిచి ఉన్న కండక్టరమ్మ నోరు చూసింది. ఆవిడకి ఆగుతుందా? "విన్నది! విన్నదర్రా!" అని కేకేసింది. పాప బల్ల దిగి గబగబా నడిచి వచ్చింది. సంచి పట్టుకుని కిందికి లాగింది. కండక్టరమ్మ మోకాళ్ళమీద కూర్చుంది. చిట్టి తన చిన్న అరచేయి తెచ్చి ఆమె నోటికి అడ్డంగా గట్టిగా అదిమిపెట్టింది.

ముప్ఫై అయిదేళ్ళుగా ప్రయాణికులు, పై అధికారులు, కట్టుకున్న మొగుడు చెప్పి చెప్పి విసిగిపోయిన మాటే ఆ పిల్ల చెప్పింది. కండక్టరమ్మ కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకుందామంటే చేతులు సంచిలో ఉన్నాయి. నోరు ఆ అరచేతి కింద ఉంది. కొట్టు నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో తెర వెనకనుంచి తల్లి పిలిచింది. అరవలేదు. తన మామూలు గొంతుతోనే పిలిచింది, కండక్టరమ్మ చేయి చెవికి పెట్టుకుని వినాల్సి వచ్చే ఆ గొంతుతోనే.

"చిట్టీ."

పాప చేయి కండక్టరమ్మ నోటిమీదే ఉంది. తల మాత్రం తెరవైపు తిరిగింది.

డాక్టరమ్మ చేతిలో కలం ఆగిపోయింది. తల్లి తెర తీయకుండానే మళ్ళీ పిలిచింది. పాప అటే చూస్తోంది. ఇంకోసారి పిలిచింది. కండక్టరమ్మ మోకాళ్ళు నొప్పి పుట్టినా కదలకుండా, ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటూ అలాగే కూర్చుంది. మూడుసార్లతో ఆపాలన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. ఆ తల్లి పిలుస్తూనే ఉంది.